ఐసుపెట్టెలో మూడు ఫోమ్ పుల్లలు

కొల్లేటి చేపని ఐసులో ఎలా సర్దాలో తెలిసినవాణ్ణి వైద్య పరికరాల దగ్గరికి రానివ్వకూడదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఐసుపెట్టె నా ఒళ్ళో ఉంది, వైద్య పరికరం ఆ పెట్టెలో ఉంది, కారు దెందులూరు దాటింది.

నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. చదువు పదో తరగతి. అంతకు ముందు ఏలూరులో పరుపులకీ సోఫాలకీ ఫోమ్ కోసే షెడ్డులో పనిచేసేవాణ్ణి. కాలేజీవాళ్ళు ఫోమ్ గురించి తెలిసిన మనిషి కావాలన్నారని ఎవరో చెబితే వెళ్ళాను. వాళ్ళకి కావలసింది ఫోమ్ ఎలా తయారవుతుందో తెలిసినవాడు. నాకు తెలిసింది ఫోమ్‌ని వంకర లేకుండా కోయడం. ఆ తేడా ఇంటర్వ్యూలో వాళ్ళు గమనించలేదు. నేను గమనించాను గాని, అడగలేదు కదా అని చెప్పలేదు.

ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేజీ లైబ్రరీని ఆశ్రయించాను. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. పక్కన నిఘంటువు పెట్టుకుని మొదటి పుస్తకంలో మొదటి పేజీ చదవడానికి నాలుగు రోజులు పట్టింది. రెండేళ్ళు తిరిగేసరికి రోజుకి మూడు పేజీలు లాగించేవాణ్ణి. చదివింది ఎవరికైనా చెప్పకపోతే నాకు అరిగేది కాదు. క్యాంటీన్‌లో ఇడ్లీ ఎందుకు పొంగుతుందో వంటాయనకి చెప్పాను. గుల్ల పదార్థాల లక్షణాల గురించి ఒక లెక్చరర్ గారిని ఆయన క్లాసు గుమ్మంలోనే సరిదిద్దాను. ఆ తరవాత వరండాలో నేను ఎదురైతే లెక్చరర్లు పక్కకి తిరిగి వెళ్ళేవారు. దాన్ని గౌరవం అనుకున్నాను.

ఇది చేతిలోకి సెల్‌ఫోన్ వచ్చి, అందులో టార్చిలైటు ఉండటమే పెద్ద గొప్పగా ఉన్న రోజుల మాట. మా ప్రొఫెసర్ గారికి ఒక ప్రాజెక్టు వచ్చింది. ఆకారాన్ని గుర్తుపెట్టుకునే ఫోమ్ తయారు చేయాలి. వేడి చేసి, నలిపి, నలిపినట్టే చల్లార్చితే అది పుల్లలా ముడుచుకుని ఉండిపోతుంది. మళ్ళీ ఒంటి వేడి తగిలితే పుట్టినప్పటి ఆకారానికి వచ్చేస్తుంది. చల్లగా ఉన్నంతసేపూ ఒద్దికగా ఉండి, కాస్త వెచ్చబడగానే అసలు ఆకారం చూపించే మనుషులు మా వీధిలోనే ఇద్దరున్నారు కాబట్టి ఈ సిద్ధాంతం నాకు తొందరగానే ఎక్కింది.

దీనితో పనేమిటంటే, కొందరికి మెదడులో రక్తనాళం ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బుతుంది. అది పగిలితే మనిషి దక్కడం కష్టం. ముడిచిన ఫోమ్ పుల్లని సన్నటి గొట్టంలోంచి తోసుకుంటూ ఆ బుడగ దాకా తీసుకెళ్ళి వదిలితే, అక్కడ అది విచ్చుకుని బుడగని నింపేస్తుంది. తల కోయనక్కర్లేదు. చిక్కల్లా ఫోమ్ మరీ నాజూకుది కావడమే. విచ్చుకునేటప్పుడు ఒక రవ్వ ఊడి నెత్తుట్లో పడితే, అది ఏ సన్న నాళంలో అడ్డుపడుతుందో చెప్పలేం. అందుకని ఫోమ్ గోడల్లో సిలికా నానో కణాలు కలిపి దాన్ని గట్టిపరచాలని ప్రయత్నం. వెంట్రుక మందంలో వేల కణాలు వరసగా నిలబడతాయి, అంత చిన్నవి. డబ్బా మూత తీసి తుమ్మితే వారం పని గాల్లో కలిసిపోయేది.

ఆ పని మూడేళ్ళుగా చేస్తున్నది ఒక పరిశోధక విద్యార్థిని. దెందులూరు అమ్మాయి, చర్చి స్కూలు టీచరు గారి కూతురు. రసాయనాలు కలిపే ముందు కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. మా ప్రొఫెసర్ గారు "దేవుడికి చెప్పుకునేంత అపాయకరంగా ఉందా మన ల్యాబ్?" అని వేళాకోళం ఆడేవారు. "పొగలు లాగే ఫ్యూమ్‌హుడ్ ఫ్యాను తిరగట్లేదు కదా సార్, ఇంకెవరికి చెప్పమంటారండీ?" అనేది. నన్ను బాబాయ్‌గారూ అని పిలిచేది. నేను పుస్తకాల్లోంచి అప్పజెప్పేవన్నీ ఓపిగ్గా వినేది ఆ కాలేజీలో ఆ అమ్మాయి ఒక్కతే.

మొదటి ఏడాదంతా కణాలు ఉండలు కట్టాయి. ఫోమ్ కోసి చూస్తే ఒకచోట రాయిలా, ఇంకోచోట జల్లెడలా ఉండేది. నా పుస్తకంలో ఉండలకి ఒక అధ్యాయమే ఉంది గాని, అందులో చెప్పిన యంత్రం మా దగ్గర లేదు. ఒకరోజు మా ఆవిడ అంబలి కాస్తూ రాగిపిండిని ముందు చన్నీళ్ళలో జారుగా కలిపి, ఆ తరవాత మరిగే నీళ్ళలో పోయడం చూశాను. మర్నాడు వెళ్ళి చెప్పాను.

"అమ్మా, పొడిని చివర్లో దులపకుండా, ముందే ఒక ద్రవంలో జారుగా కలిపి చూడు."

"ఏ పుస్తకంలో ఉందండీ?"

"చాలా పాత పుస్తకంలే" అన్నాను. మా ఆవిడ అన్నానంటే పరువు పోతుందని భయం.

ఉండలు తగ్గాయి. ఇంకో ఏడాదికి ఫోమ్ కుదిరింది. బొటనవేలంత లావు ముక్క ముడిస్తే బాల్‌పెన్ రీఫిల్ అంత సన్నమయ్యేది. గోరువెచ్చని నీటి బీకరు పైన పొడి గొట్టంలో పెడితే మళ్ళీ బొటనవేలయ్యేది. మేము ఎన్ని వందల సార్లు చూశామో గాని, ప్రతిసారీ ఆ అమ్మాయి నవ్వేది.

మూడో ఏడు ముగుస్తుండగా ప్రాజెక్టుకి డబ్బిచ్చే కమిటీ నుంచి కబురొచ్చింది. కళ్ళముందు పనిచేసి చూపిస్తే జంతువుల మీద ప్రయోగానికి అనుమతి. లేకపోతే ప్రాజెక్టు మూసివేత. మూస్తే ఆ అమ్మాయి మూడేళ్ళ పని ఒక అట్టపెట్టెలో పెట్టి అటక మీద పారేయడమే, డిగ్రీ రాదు. కమిటీవాళ్ళు ఇద్దరు హైదరాబాదు నుంచి రైల్లో వచ్చి ఏలూరులో దిగుతారు. మూడో ఆయన ఏలూరులోనే ఒక ఆసుపత్రిలో మెదడు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు. గూడెం దాకా రావడానికి వాళ్ళకి తీరిక లేదు కాబట్టి, ఫోమే ఏలూరు వెళ్ళాలి.

ఇక్కడ మన వాతావరణం అడ్డొచ్చింది. రోహిణీ కార్తె వెళ్ళినా ఎండ వెళ్ళలేదు. ఫోమ్ విచ్చుకునేది ఒంటి వేడికి. కారులో ఉండేది ఒంటి వేడికన్నా ఎక్కువ. ప్రొఫెసర్ గారి కారులో ఏసీ బొమ్మ మాత్రమే ఉండేది. దారిలోనే పుల్లలు విచ్చుకుంటే కమిటీకి చూపించడానికి మూడు స్పాంజి ముక్కలు మిగులుతాయి.

"చేపల పెట్టె తెస్తానండీ" అన్నాను నేను.

మా బావమరిది మండవల్లి దగ్గర చేపల ప్యాకింగ్ చేస్తాడు. కొల్లేటి చేప కలకత్తా దాకా కళ్ళు తెల్లబడకుండా వెళ్తుంది, మన ఫోమ్ ఏలూరు వెళ్ళలేదా అని నా వాదన. ప్రొఫెసర్ గారు ఆలోచించి, "లోకల్ టెక్నాలజీ" అని మెచ్చుకున్నారు. ముందురోజు సాయంత్రం ఆ అమ్మాయి మూడు పుల్లల్ని పాలిథిన్ కవర్లో పెట్టి, సీలు వేసి, నా చేతికిచ్చింది. రెండు నానో కణాలు కలిపినవి, పోల్చి చూపడానికి ఒకటి ఏమీ కలపనిది. కవర్లో బూట్ల డబ్బాల్లో వచ్చే తెల్ల గుళికల పొట్లం కూడా ఒకటుంది. ఆ అమ్మాయి మర్నాడు దెందులూరు నుంచి నేరుగా ఏలూరు వస్తుంది.

"ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్న ఐసులో పెట్టండి. కవరు మాత్రం విప్పకండి బాబాయ్‌గారూ."

"నాకు చెబుతున్నావా అమ్మా?" అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే, నాకే చెప్పింది.

పొద్దున్నే మా బావమరిది కలకత్తా వెళ్ళే చేపల లారీలో వచ్చి కాలేజీ గేటు దగ్గర దిగాడు. థర్మోకోల్ పెట్టె, గోనెసంచిలో నలగ్గొట్టిన ఐసు. కవరు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటండీ బావగారూ, దుప్పటి కప్పారు?"

"కవరయ్యా."

"కవర్లో పెడితే ఐసు దేనికి తగులుద్దండీ? కవరుకి తగులుద్ది. ఐసు తగలని చేప గుడివాడ దాటదండీ. కింద ఐసు, మీద చేప, ఆ మీద ఐసు. మా నాన్న నాటి నుంచీ ఇంతే."

అప్పుడు నేను కవరు లాక్కుని పెట్టెలో పెట్టేసి ఉంటే ఈ కథ లేదు. నాకు ఫోమ్ మీద లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో నాలుగో అధ్యాయం గుర్తొచ్చింది. గాలి మంచి ఉష్ణబంధకం. కవర్లో ఉన్నది గాలి. అంటే చల్లదనం పుల్లలకి చేరదు. నిరక్షరాస్యుడైన మా బావమరిది తనకి తెలియకుండానే భౌతిక శాస్త్రం చెబుతున్నాడని నాకు ఒళ్ళు పులకరించింది.

"నువ్వన్నది ముమ్మాటికీ నిజం. దీన్ని ఉష్ణవహనం అంటారు" అన్నాను.

"మేము ప్యాకింగంటామండీ" అన్నాడు.

కవరు చింపాం. తెల్ల గుళికల పొట్లం కింద పడితే, "ఇదేంటండీ?" అన్నాడు. తేమ పీల్చేదని, తినకూడదని చెప్పి చెత్తబుట్టలో వేశాను. అది ఎందుకు పెట్టిందో ఒక్క క్షణం ఆలోచించానా? లేదు. బూట్లకి పెడతారు కదా, దీనికీ పెట్టింది అనుకున్నాను. మూడు పుల్లలూ ఐసు పడక మీద పడుకున్నాయి. పైన ఇంకో పొర ఐసు. మూత మీద టేపు. శాస్త్రానికీ కొల్లేటికీ పెళ్ళి చేసినంత తృప్తిగా పెట్టె ఒళ్ళో పెట్టుకుని కారెక్కాను.

దారి పొడుగునా ఐసు కరిగి నా ప్యాంటు తడిసింది. దెందులూరు దాటాక, ఆ అమ్మాయి మాట గుర్తొచ్చింది. మూత కొంచెం ఎత్తి చూశాను. పుల్లలు ముడుచుకునే ఉన్నాయి. ధైర్యం వచ్చింది.

ఆసుపత్రి గేటు దగ్గర ఆ అమ్మాయి ఎదురొచ్చి పెట్టె తెరిచింది. కరిగిన నీళ్ళలో మూడు పుల్లలు తేలుతున్నాయి. కొల్లేరు వాసన గుప్పుమంది.

"కవరేదండీ?"

"తీసేశామమ్మా. గాలి ఉష్ణబంధకం కదా. నాలుగో అధ్యాయం."

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. "అయిదో అధ్యాయం చదివారాండీ?"

"గడువైపోతే పుస్తకం ఇచ్చేశానమ్మా."

"అయిదో అధ్యాయం నీళ్ళ గురించి, బాబాయ్‌గారూ. ఇది నీళ్ళు పీల్చుకుంటే మెత్తబడుద్దండీ. ఇంక ఒంటి వేడి దాకా ఆగదు. చల్లగాలికే విచ్చుకుంటుంది."

కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. చేతిరుమాలు తీసి ఒక్కొక్క పుల్లనీ పసిబిడ్డ వేలు తుడిచినట్టు తుడిచింది. "తొందరగా మొదలుపెడితే చాలు. బీకరు మీద గొట్టంలో పెట్టేదాకా ఆగితే చాలు" అని తనలో తను అనుకుంటూ లోపలికి నడిచింది. నేను ఐసుపెట్టె పట్టుకుని వెనకాలే వెళ్ళాను. దాన్ని ఎక్కడ పారేయాలో తెలియక.

తొందరగా మొదలుపెట్టడం మా ప్రొఫెసర్ గారి ఒంట్లో లేదు. ఆయన ఏ విషయం మీద మాట్లాడినా మానవజాతి పుట్టుకతో మొదలుపెడతారు. ఆరోజు కూడా నిప్పు కనిపెట్టడం దగ్గర ఎత్తుకున్నారు. స్టీలు ట్రేలో మూడు పుల్లలు, పక్కన గోరువెచ్చని నీళ్ళ బీకరు, ఎదురుగా కమిటీ. గదిలో ఏసీ చల్లగా ఉంది. కమిటీలో ఒకాయన ముక్కు ఎగబీల్చి, "ఏదో వాసనొస్తోందండీ" అన్నారు. "పాలిమర్ వాసనండీ" అని ప్రొఫెసర్ గారు ఇనుప యుగంలోకి ప్రవేశించారు.

అప్పుడు ట్రేలో ఒక పుల్ల కదిలింది. నిద్రలో ఒళ్ళు విరుచుకున్నట్టు, మెల్లగా. తరవాత రెండోది. ఆ అమ్మాయి నా వైపు చూసింది. ప్రొఫెసర్ గారు కూడా చూశారు. మాట ఆపకుండానే చేతిలోని పలచటి అట్ట ఫైలు తీసి, చాలా మామూలుగా, ట్రే మీద పెట్టేశారు. ఆయన మీద నాకు ఎప్పుడైనా గౌరవం కలిగిందంటే అది ఆ క్షణంలోనే.

కాని ఫైలు లేచింది. ఒక పక్కనే లేచింది. నానో కణాల పుల్లలు రెండూ ఉన్న వైపు అంగుళం దాకా పైకి వచ్చింది. ఏమీ కలపని పుల్ల ఉన్న వైపు అలాగే పడుకుని ఉంది.

"ఏవండీ" అన్నారు డాక్టరు గారు, "మీ ఫైలు లేస్తోంది."

"గదిలో కాస్త వేడెక్కువగా ఉందండీ, అందుకని..."

"నాకు చలేస్తోందండీ" అన్నారు డాక్టరు గారు.

ప్రొఫెసర్ గారు కర్చీఫుతో నుదురు తుడుచుకుని, "శాంపిల్స్ తయారీ, రవాణా, అంతా ఈ అమ్మాయి బాధ్యతండీ. ఎక్కడో అజాగ్రత్త జరిగుంటుంది" అన్నారు. కమిటీవాళ్ళలో ఒకాయన కలం తీశారు. ఆ అమ్మాయి తలొంచుకుని నిలబడింది. నా పేరు చెప్పలేదు. ఒక్క మాట చెబితే చాలు, ఆ కలం ఆగేది. చెప్పలేదు.

చదువుకోని మనిషి తప్పు ఒప్పుకోవడం తేలిక. తెలియదండీ అంటే సరిపోతుంది. తెలుసునని ఊరంతా చాటుకున్నవాడికి అది పళ్ళు పీకించుకోవడంలాంటిది. అయినా నోరు తెరిచాను.

"అజాగ్రత్త నాదండీ. ఆవిడ సీలు వేసి కవరు విప్పొద్దని చెప్పారు. నేనే చింపి, చేపల పెట్టెలో ఐసు మీద పెట్టి తెచ్చాను. నాలుగో అధ్యాయం దాకానే చదివానండీ. అయిదోది చదవలేదు."

అని, సాక్ష్యానికి పెట్టె బల్ల మీద పెట్టాను. అడుగున ఒక పొలుసు కూడా ఉంది.

ప్రొఫెసర్ గారు కళ్ళు మూసుకున్నారు. ఆయనా ప్రార్థన చేశారనే నా అనుమానం. డాక్టరు గారు మాత్రం లేచొచ్చి ఫైలు తీశారు. ఏమీ కలపని ఫోమ్‌ని రెండు వేళ్ళతో నలిపారు. నల్లటి బల్ల మీద రస్కు పొడిలా రాలింది. నానో కణాలు కలిపినదాన్ని నలిపారు, లాగారు, మెలితిప్పారు. బల్ల మీద ఏమీ పడలేదు.

"గట్టిదేనండీ" అన్నారు. "సరే గాని, నేను దీన్ని ఎందులోంచి తోస్తానండీ?"

"గొట్టంలోంచండీ" అన్నారు ప్రొఫెసర్ గారు.

"గొట్టంలో ఏముంటదండీ? ఉప్పునీళ్ళు, నెత్తురు. పొడిగా ఎక్కడ దొరుకుద్ది నాకు? తొడ దగ్గర లోపలికి తోసి మెదడు దాకా తీసుకెళ్ళాలి. దారి మధ్యలో ఇది ఇలా ఒళ్ళు విరుచుకుంటే గొట్టంలోనే ఇరుక్కుంటది. నాకు ఎన్ని నిమిషాలు టైముందండీ?"

ప్రొఫెసర్ గారు గాలి పీల్చుకున్నారు, మళ్ళీ నిప్పు దగ్గర మొదలుపెట్టడానికి. ఈలోపు ఆ అమ్మాయి అంది:

"తెలియదండీ. మేము మూడేళ్ళూ పొడిగానే పరీక్షించాం. నేను కూడా నీళ్ళని దూరంగా ఉంచాలనే చూశాను గాని, నీళ్ళలో ఎంతసేపు ఆగుతుందో చూడలేదు."

"మూడేళ్ళలో ఎవరూ తడపలేదా?"

అందరూ నా వైపు చూశారు.

భోజనాల్లో చేపల పులుసు వడ్డించారు. నేను పెరుగన్నంతో సరిపెట్టుకున్నాను. ఆ తరవాత నిర్ణయం చెప్పారు. జంతువుల మీద ప్రయోగానికి అనుమతి లేదు. ప్రాజెక్టు మూయడమూ లేదు. ఒక ఏడాది గడువు. నీళ్ళలో ఎన్ని నిమిషాలు ముడుచుకుని ఉంటుందో కొలవాలి, వీలైతే పెంచాలి. డాక్టరు గారికి పది నిమిషాలు కావాలి.

ఆ ఏడాది ప్రొఫెసర్ గారు వేరే ప్రాజెక్టు మీద నిప్పు కనిపెట్టడానికి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయీ నేనూ గోరువెచ్చని ఉప్పునీళ్ళ బీకర్ల ముందు స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నాం. నానో కణాలే నీళ్ళని పిలుస్తున్నాయని తేలింది. ఫోమ్‌లో కలిపిన సిలికా, నేను చెత్తబుట్టలో వేసిన గుళికల పొట్లం, రెండూ ఒకే జాతివి. తేమ పీల్చేదని మా బావమరిదికి నా నోటితోనే చెప్పి, ఆ రెండిటినీ కలిపి చూసుకోలేకపోయాను. పనసకాయ కోసేముందు చేతికి నూనె రాసుకున్నట్టు, కణాలకి ముందే నీళ్ళు అంటని పూత వేసి కలిపాం. మొదట్లో నిమిషమున్నర ఆగేది. ఏడాది చివరికి ఏడు నిమిషాలు ఆగింది. డాక్టరు గారు అడిగినవి పది. అందువల్ల మా ఫోమ్ ఇప్పటిదాకా ఎవరి తలలోకీ వెళ్ళలేదు. అందులో నాకు బాధా ఉంది, కొంచెం నిశ్చింతా ఉంది.

మా బావమరిదికి ఇదంతా వివరంగా చెప్పాను. అంతా విని, "అంటే, నాలుగేళ్ళు చదివి, నీళ్ళల్లో వేస్తే నానుద్దని కనుక్కున్నారా బావగారూ?" అన్నాడు. దానికి సమాధానం నాకు ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఏడు నిమిషాలకే ఆ అమ్మాయికి డిగ్రీ వచ్చింది. వెళ్ళిపోయే రోజు బైండు చేసిన థీసిస్ ఒక ప్రతి నా చేతిలో పెట్టింది. "మీకేనండీ. గడువు లేదు" అంది. మూడో అధ్యాయంలో ఒక బొమ్మ ఉంది. చల్లటి తడి నిల్వ పరీక్ష కోసం వాడిన పరికరమట. థర్మోకోల్ పెట్టె. కింద ఐసు, మధ్యలో ఫోమ్, మీద ఐసు. స్కేలు పెట్టి గీసింది. మా బావమరిదికి చూపిస్తే, అడుగున నీళ్ళు పోవడానికి బెజ్జం మర్చిపోయారన్నాడు.

మీరు చదువుకున్నవాళ్ళు. నాలా రోజుకి మూడు పేజీలు కాదు, ముప్పై చదవగలరు. అందుకని మీకు సలహా చెప్పే అర్హత నాకు లేదు. ఆ థీసిస్ చదవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అయిదో అధ్యాయం రెండుసార్లు చదివాను. పట్టికలు చదివాను, చివరన ఇచ్చిన పుస్తకాల జాబితా చదివాను, బైండింగ్ వాడి చీటీ చదివాను. ఆఖరి పేజీ ఖాళీగా ఉంది. అయినా తిప్పి, వెనక వైపు కూడా చూశాను.